ఇంట గెలిచిన ఆట

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’మని పెద్దలు చెప్పిన మాట తెలుగునాట తెలియనివారు లేరు. బహుమతి ప్రదానోత్సవాలలో మాట్లాడే ప్రతి వక్తా ఈ సామెతను ఒకసారి తలచుకొని గాని కూర్చోడు. అయితే దీనిని మనం మగపిల్లల పక్షాన మాత్రమే అర్థం చేసుకొంటూ వచ్చామేమోనని నాకు చాలాకాలంగా ఒక సందేహం. మగపిల్లవాడికి ఇంట గెలవడమంటే తన ఊరిలో, తన వీథిలో తోటివారిని మించడం. ఆడపిల్లకు ఇంట గెలవడమంటే మొదట ఇంటివారినే గెలవడం. తల్లి భయాన్ని, తండ్రి సంకోచాన్ని, నాయనమ్మ నిట్టూర్పును, ఇరుగుపొరుగువారి మాటను దాటిన తరువాత గాని ఆమె మైదానంలో కాలు పెట్టజాలదు. ఈ మొదటి పోటీకి అంపైరు లేడు, బహుమతి లేదు. మరునాటి పత్రికలో ఫలితమూ పడదు.

ఈ ఆలోచన నాలో బలపడడానికి కారణం మన తరగతి గదిలో జరిగిన ఒక చిన్న విషయం. డిగ్రీ విద్యార్థులకు ‘నాకు నచ్చిన క్రీడాకారులు’ అనే అంశంపై వ్యాసం వ్రాయమని ఇచ్చాను. మగపిల్లలు ఎక్కువగా క్రికెట్ ఆటగాళ్లను గురించి వ్రాశారు. ఆడపిల్లలలో పలువురు ఎన్నుకొన్నది హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జాను. వ్యాసాలు బాగున్నవి. కొన్నింటిలో ఉర్దూ నుడికారం తెలుగులోకి జారి వచ్చినా భావం బలంగానే ఉన్నది. ఆ సాయంకాలం కాగితాలు దిద్దుతూ కిటికీలోనుంచి బయటికి చూశాను. మైదానంలో మూడు క్రికెట్ ఆటలు ఒకదానిపై ఒకటి పడి సాగుతున్నవి. ఆ వ్యాసాలు వ్రాసిన ఆడపిల్లలు వరండాలో పుస్తకాలు ఒడిలో పెట్టుకొని మదనపల్లె పోయే బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. వరండాకు, మైదానానికి నడుమ ఉన్నవి నాలుగు మెట్లు. సానియా జీవితాన్ని గురించి నేను వ్రాస్తున్న ఈ నాలుగు మాటలు ఆ నాలుగు మెట్లను ఉద్దేశించినవే.

టెన్నిసు మన నేలకు కొత్త ఆట కాదు. కాని అది చాలాకాలం అందరి ఆటా కాలేదు. నిజాముల కాలంలో హైదరాబాదు క్లబ్బులలో నవాబులు, ఉన్నతోద్యోగులు ఆడిన ఆట అది. ఆ నగరానికి చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశం తరఫున టెన్నిసు ఆడారు. డేవిస్ కప్పులోనూ ఆడారు. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైనప్పుడు అందులో తొలి శతకం చేసినవారు కూడా ఆయనే. ఇంతటి సంప్రదాయం ఉన్న చోట ఆడపిల్లలు ఎక్కడ అని అడిగితే జవాబు క్లుప్తం. టెన్నిసు ప్రొఫెషనల్ క్రీడగా మారిన ఓపెన్ యుగంలో ఒక భారతీయ వనిత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ప్రధాన పోటీలో ఒక్క ఆట గెలవడానికి 1998 దాకా వేచియుండవలసి వచ్చింది. ఆ గెలుపు కోయంబత్తూరు అమ్మాయి నిరుపమా వైద్యనాథన్‌ది, స్థలం ఆస్ట్రేలియా.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టి హైదరాబాదులో పెరిగింది. ఆరవ యేట రాకెట్ పట్టింది. నేడు ఆమె పేరు వినగానే మనకు గుర్తుకు వచ్చేవి పచ్చగడ్డి పరచిన వింబుల్డన్ మైదానాలు. కాని తాను చిన్ననాడు హైదరాబాదులో ఆడినవి పేడతో అలికిన కోర్టులని ఆమె పలుమార్లు చెప్పుకొన్నది. ఈ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పేడ అలికిన వాకిలి కంటె మనకు బాగా తెలిసిన నేల ఏమున్నది? అంగళ్లులో గాని, కురబలకోటలో గాని, పుంగనూరు చుట్టుపక్కల పల్లెలలో గాని తెల్లవారుజామున మన తల్లులు అలికే నేల అదే. ప్రపంచంలో అగ్రస్థానానికి చేరిన ఆట అటువంటి నేలమీద మొదలైనదంటే, ‘మాకు సౌకర్యాలు లేవు’ అనే మాటను మనం కొంచెం తగ్గించి పలకవలసి ఉన్నది.

కాని నేల ఒక్కటే చాలదు. ఆ నేలపైకి పిల్లను చేయి పట్టి తీసుకొని వెళ్లేవారు కావాలి. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమెకు శిక్షకుడైనారు. తల్లి నసీమా ఊరూరా పోటీలకు వెంట తిరిగారు. 1990ల నాటికి మన దేశంలో టెన్నిసును జీవనోపాధిగా చేసుకొన్న ఆడపిల్లలను వ్రేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అటువంటి రోజులలో ‘ఎండలో పడి నల్లబడిపోతుంది, రేపు పెండ్లి ఎట్లా’ అనే మాటలు ఆ ఇంటి గడపకూ వచ్చినవని ఆమే చెప్పింది. ఆ తల్లిదండ్రులు ఆ మాటలను విన్నారు. విని తమ పని తాము చేసుకొన్నారు. నా దృష్టిలో సానియా గెలిచిన మొదటి పోటీ అది. అది ఆమె ఒక్కతే ఆడిన ఆట కాదు. ఇల్లంతా ఆమె పక్షాన నిలిచి ఆడిన ఆట.

ఇంటి తరువాత ఊరు. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాదులో జరిగినందువలన నగరంలో కొత్త క్రీడాప్రాంగణాలు వెలసినవి. ఆఫ్రో-ఏషియన్ క్రీడలలో సానియా నాలుగు స్వర్ణాలు గెలిచింది. ఆ యేడే వింబుల్డన్ బాలికల డబుల్స్‌లో రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి విజేత అయినది. ఆ యేడే హైదరాబాదులో మహిళల అంతర్జాతీయ ప్రొఫెషనల్ పోటీ మొదలైనది. 2004లో అక్కడ దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్ జంటగా డబుల్స్ గెలుచుకొన్నది. 2005 ఫిబ్రవరిలో అదే పోటీలో, తన ఊరివారి కళ్లయెదుట, ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొందరెంకోను ఓడించి సింగిల్స్ విజేత అయినది. ఆ స్థాయి సింగిల్స్ పోటీని గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ‘ఇంట గెలిచి’ అన్న మాటకు ఇంతకంటె అక్షరాలా సరిపోయే ఉదాహరణ నాకు కనబడదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన విషయమున్నది. ఆ పోటీ హైదరాబాదుకు రాకపోయి ఉంటే ఏమయ్యేది? ప్రతిభ ఉన్న పిల్ల ఎట్లాగైనా పైకి వస్తుందని మనం తేలికగా అంటాము. మల్లె తీగకు పందిరి లేకపోతే నేలమీద పాకుతుంది; పూలు మట్టిలో కలుస్తవి. తీగలో లోపం లేదు. పందిరి వేయవలసినవాడు వేయలేదు. సానియా ఎదుగుదలను అద్భుతమని పొగడితే మన బాధ్యత తీరిపోతుంది. అది ఒక ఏర్పాటు ఫలితమని ఒప్పుకొంటే మన బాధ్యత మొదలవుతుంది. అందుకే పొగడ్త మనకు సులభం, ఏర్పాటు కష్టం.

ఇంట గెలిచిన పిల్ల ఆ యేడే రచ్చ కూడా గెలిచింది. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడవ రౌండుకు చేరి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడింది. మార్చిలో దుబాయిలో, అంతకుముందటి యేడు అమెరికా ఓపెన్ గెలిచిన స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. సెప్టెంబరు నాటికి అమెరికా ఓపెన్‌లో నాలుగవ రౌండు చేరిన తొలి భారతీయ మహిళగా మరియా షరపోవాను ఎదుర్కొన్నది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ స్థానానికి ఎక్కింది. ఆమె కుడిచేతి ఫోర్‌హాండ్ దెబ్బకు ప్రపంచ శ్రేణి క్రీడాకారిణులు కూడా వెనుకంజ వేశారు.

రచ్చ అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నవి. ఒకటి నలుగురు కూడే చోటు, రెండవది అల్లరి. సానియాకు రెండూ ఎదురైనవి. పద్దెనిమిదేళ్ల పిల్ల వేసుకొన్న ఆట దుస్తులపై 2005లో దేశమంతటా చర్చ జరిగింది. కొందరు మతపెద్దలు ఆక్షేపించారని పత్రికలు వ్రాసినవి. ఆ యేడు కలకత్తాలో ఆడినప్పుడు ఆమె చుట్టూ పోలీసు బందోబస్తు పెట్టవలసి వచ్చింది. వరుసగా వచ్చిన వివాదాలతో విసిగి 2008లో బెంగళూరు పోటీకి ఆమె దూరంగా ఉండిపోయింది. 2014లో కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం ఆమెను తన ప్రచారకర్తగా నియమించినప్పుడు, ఆమె పుట్టిన ఊరును, మెట్టిన దేశాన్ని ఎత్తి చూపి ‘ఈమె మనదేనా’ అని అడిగినవారున్నారు. జీవితాంతం భారతీయురాలినే అని ఆమె జవాబు చెప్పవలసి వచ్చింది. ఒక వైపువారికి ఆమె చాలినంత ముస్లిము కాదు. మరొక వైపువారికి చాలినంత భారతీయురాలు కాదు. ఈ రెండు రాళ్ల నడుమ నలుగుతూనే ఆమె దేశం కోసం ఆడింది. 2006 దోహా ఏషియన్ క్రీడలలో లియాండర్ పేస్‌తోను, 2014 ఇంచియాన్‌లో మన తెలుగువాడైన సాకేత్ మైనేనితోను మిశ్రమ డబుల్స్ స్వర్ణాలు తెచ్చింది.

దుస్తుల విషయంలో ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. నాకూ ఒకటి ఉన్నది. కాని ఈ చర్చలో పడి మనం అసలు ప్రశ్నను మరచిపోయాము. ఆడపిల్ల ఆడవచ్చునా లేదా అన్నది ఒక ప్రశ్న. ఏమి ధరించి ఆడవలెనన్నది మరొక ప్రశ్న. రెండవదాన్ని అడ్డు పెట్టుకొని మొదటిదానికి ‘కూడదు’ అని జవాబు చెప్పడం న్యాయం కాదు. దైవప్రవక్త (స) తమ సతీమణి ఆయిషా గారితో పరుగుపందెం వేసుకొన్న వృత్తాంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. మొదట ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత మరల పందెం వేసినప్పుడు ఆయన గెలిచారు. శిరోవస్త్రం ధరించి కత్తియుద్ధంలో పాల్గొన్న అమెరికా క్రీడాకారిణి ఇబ్తిహాజ్ ముహమ్మద్ 2016 రియో ఒలింపిక్స్‌లో తన జట్టుతో కాంస్యం గెలిచింది. శిరోవస్త్రం లేకుండా ఆడిన ట్యునీసియా వనిత ఓన్స్ జాబర్ 2022లోను, 2023లోను వింబుల్డన్ ఫైనల్ చేరింది. ఎవరి మార్గం వారిది. మైదానం మాత్రం ఇద్దరికీ తెరచి ఉన్నది.

ఇప్పుడు విద్యార్థులకు ముఖ్యమని నేను తలచే ఘట్టానికి వస్తాను. సానియా కథలో చాలామంది విజయాల పట్టికను చూస్తారు. నేను చూసేది ఆమె కుడి మణికట్టును. 2008లో ఆ మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. టెన్నిసు ఆడేవారికి మణికట్టు అంటే వ్రాసేవారికి వ్రేళ్ల వంటిది. మోకాళ్లకు కూడా శస్త్రచికిత్సలైనవి. సింగిల్స్‌లో మునుపటి స్థానం తిరిగి రాలేదు. 2013 నాటికి ఆమె సింగిల్స్ ఆటను పూర్తిగా విడిచిపెట్టి, డబుల్స్‌కే తన శక్తినంతా అంకితం చేసింది. అప్పుడు ‘ఇక అయిపోయింది’ అన్నవారు ఎందరో. మన దేశంలో సింగిల్స్‌ను కావ్యంగాను, డబుల్స్‌ను దానికి వ్యాఖ్యానంగాను చూసే అలవాటు ఉన్నది.

అయితే కొలత చూడండి. సింగిల్స్ ఆడే కోర్టు వెడల్పు 27 అడుగులు. ఇద్దరిద్దరు ఆడేటప్పుడు అంచు గీతలు కూడా లోపలికి చేరి వెడల్పు 36 అడుగులవుతుంది. ఒక దారి ఇరుకైనప్పుడు ఆమె ఎన్నుకొన్నది మరింత వెడల్పైన దారి. పరుగు తక్కువ, చూపు ఎక్కువ కావలసిన ఆట అది. తన బలమైన ఫోర్‌హాండ్‌కు అక్కడ చోటున్నది. తన లోపాలను కప్పగల తోడు అక్కడ దొరుకుతుంది. జపాను క్రీడాకారిణి ఐ సుగియామా కూడా సింగిల్స్‌లో 8వ స్థానం దాకా వచ్చి, డబుల్స్‌లోనే 2000లో ప్రపంచ ప్రథమ స్థానం పొందింది. ఆ దేశం ఆమెను రెండవ తరగతి విజేతగా చూడలేదు.

2015 మార్చిలో సానియాకు స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్ తోడైనది. 2006లో సియోల్ నగరంలో సానియా చేతిలో ఓడిన హింగిసే ఈమె! ఒకనాటి ప్రత్యర్థులు జంటగా నిలిచి 2015లో వింబుల్డన్, అమెరికా ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ వరుసగా గెలిచారు. ఓటమి లేకుండా 41 ఆటలు సాగినవి. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరింది. ఏ భారతీయ మహిళకూ అంతకుముందు దక్కని ఆ స్థానంలో మొత్తం 91 వారాలు ఉన్నది. మిశ్రమ డబుల్స్‌లో మహేశ్ భూపతితో 2009లో ఆస్ట్రేలియన్, 2012లో ఫ్రెంచి ఓపెన్‌లు, బ్రెజిల్‌కు చెందిన బ్రూనో సొయారెస్‌తో 2014లో అమెరికా ఓపెన్ గెలిచింది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదులు. ఆరూ డబుల్స్‌లోనివే, అయిదు ఆ శస్త్రచికిత్స జరిగిన మూడేళ్ల తరువాత వచ్చినవే.

విద్యార్థులారా, ఈ ఒక్క విషయం మీరు మనసులో పెట్టుకోండి. వైద్య విద్య ప్రవేశపరీక్షలో సీటు రాలేదని ఇంటర్మీడియట్‌తోనే జీవితం ముగిసినట్లు తలచి నా వద్ద కన్నీరు పెట్టుకొన్న విద్యార్థులను చూశాను. ఒక పద్దు తప్పితే పుస్తకమంతా చించివేయనవసరం లేదు. తన శరీరం ఇక ఏ ఆటను సహించగలదో నిజాయితీగా తెలుసుకొని, ఆ ఆటలో ప్రపంచంలోనే మొదటిదైన మనిషి కథ ఇది. దారి మార్చుకోవడం ఓటమి కాదు. మారిన దారిలో మునుపటి కంటె తక్కువ శ్రమించడమే ఓటమి.

2016లో ఆమె ఆత్మకథ వెలువడిన సందర్భంలో ఒక ప్రముఖ టెలివిజన్ విలేకరి, ‘ఎప్పుడు స్థిరపడతారు? మాతృత్వం మాటేమిటి?’ అని అడిగాడు. ప్రపంచ ప్రథమ స్థానంలో ఉండి కూడా తాను స్థిరపడినట్లు మీకు తోచడం లేదా అన్న భావంతో ఆమె బదులు చెప్పింది. మగవారిని ఇటువంటి ప్రశ్న అడగరని కూడా అన్నది. ఆ విలేకరి అక్కడికక్కడే క్షమాపణ చెప్పుకొన్నాడు. అతని సంస్కారాన్ని మెచ్చుకోవలసిందే. కాని ఆ ప్రశ్న అతని ఒక్కడిది కాదు. మన పెండ్లిండ్లలో, వల్లీమా విందులలో, బస్సు ప్రయాణాలలో చదువుకొనే ప్రతి ఆడపిల్లనూ మనం అడిగే ప్రశ్నే అది.

2018 అక్టోబరులో ఆమెకు కుమారుడు కలిగాడు. 2020 జనవరిలో తిరిగి బరిలో దిగి, మొదటి పోటీలోనే, ఆస్ట్రేలియాలోని హోబర్ట్ నగరంలో, ఉక్రెయిన్‌కు చెందిన నాదియా కిచెనొక్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. జపానుకు చెందిన కిమికో దాతే ఇంతకంటె విస్మయకరమైన దారి నడిచింది. 1995లో ప్రపంచ 4వ స్థానం పొంది, 1996లో ఇరవై ఆరేళ్లకే ఆట మానివేసి, 2008లో ముప్పది ఏడేళ్ల వయసున తిరిగి వచ్చి, మరుసటి యేడు సియోల్‌లో సింగిల్స్ గెలిచింది. పెండ్లితోనో ప్రసవంతోనో స్త్రీ శక్తి ముగుస్తుందన్నది ప్రకృతి నియమం కాదు. మనం పెట్టిన గీత. సానియా చివరి గ్రాండ్‌స్లామ్ ఆట 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో, రోహన్ బోపన్నతో కలిసి ఆడిన మిశ్రమ డబుల్స్ ఫైనల్. ఆ ఆట ఓడిపోయింది. నాలుగేళ్ల కుమారుడు చూస్తుండగా, పద్దెనిమిదేళ్ల క్రిందట తన గ్రాండ్‌స్లామ్ ప్రయాణం మొదలైన ఊరిలోనే వీడ్కోలు చెప్పింది. తరువాతి నెలలో దుబాయిలో రాకెట్ దించింది.

ఇక ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. ‘మాస్టారూ, ఆమె నగరంలో కలిగిన ఇంటి బిడ్డ. మా నాయన టమోటా మండీలో హమాలీ. మాకూ ఆమెకూ పోలిక ఏమిటి?’ అని ఒక విద్యార్థిని నన్ను అడిగింది. నిజమే. టెన్నిసు ఖర్చుతో కూడిన ఆట. ఆ పిల్ల మాటకు బదులుగా రెండు సంగతులు చెబుతాను.

మొదటిది నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్. రాజధాని కాదు, మన మదనపల్లె వంటి జిల్లా పట్టణపు పిల్ల. ముస్లిము ఇంటి ఆడపిల్ల ముష్టియుద్ధమేమిటని చుట్టూ ఉన్నవారు అంటే, తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ఆమె పక్షాన నిలిచారు. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ విజేత అయినది. రెండవది మన రాయలసీమలోనిదే. కదిరి మీదుగా పోతే వచ్చే అనంతపురంలో, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడాగ్రామంలో, స్పెయిన్ క్రీడాకారుడు రఫేల్ నడాల్ సంస్థ తోడ్పాటుతో 2010లో ఒక టెన్నిసు పాఠశాల మొదలైనది. నడాల్ స్వయంగా అనంతపురం వచ్చి దానిని ప్రారంభించారు. బీద కుటుంబాల ఆడపిల్లలకు, మగపిల్లలకు అక్కడ ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పి, పోషకాహారం పెట్టారు. అనంతపురం ఎండ మన ఎండ కంటె చల్లనిది కాదు. అక్కడి తల్లిదండ్రులు మన తల్లిదండ్రుల కంటె ధనవంతులు కారు. తేడా ఏమంటే, అక్కడ ఎవరో ఒకరు పందిరి వేశారు.

ఇప్పుడు మన కళాశాల పాలకవర్గ పెద్దలకు నా విన్నపం. మన కళాశాల నుండి ప్రపంచ విజేత రావలెనని నేను కోరడం లేదు. మన ఆడపిల్లలకు మైదానంలో రోజుకు ఒక గంట కావాలని కోరుతున్నాను. క్రీడా రుసుము ఆడపిల్లల వద్ద, మగపిల్లల వద్ద సమానంగా వసూలు చేస్తున్నాము. నేల మాత్రం ఒకరికే ఇస్తున్నాము. ఇది లెక్కల పుస్తకంలో కనబడని అప్పు. సాయంకాలం 4 నుండి 5 దాకా మైదానం ఆడపిల్లలదని నోటీసు బోర్డులో వ్రాయించండి. ఆ గంటలో వ్యాయామ ఉపాధ్యాయిని ఒకరు ఉండేలా చూడండి. బస్సు ఒక్కదానిని గంట ఆలస్యంగా బయలుదేరదీయండి. పడమటి వైపు ప్రహరీ గోడ కూలిన చోట కట్టించండి. అప్పుడు ‘రోడ్డున పోయేవారు చూస్తారు’ అనే తల్లుల అభ్యంతరం సగం తీరుతుంది. టెన్నిసు రాకెట్లు కొనలేకపోతే చింత లేదు. రెండు గుంజలు, ఒక వల, ఒక రబ్బరు రింగు ఉంటే టెన్నికాయిట్ ఆడవచ్చు. మన ఆంధ్రదేశంలో ఆడపిల్లలు తరతరాలుగా ఇష్టపడి ఆడిన ఆట అది. అలికిన నేలా, సున్నపు గీతలూ చాలును.

‘ఆటలలో పడితే మార్కులు పోతవి’ అని కొందరు పెద్దలు అనవచ్చు. ఆ గంటను మన ఆడపిల్లలు ఇప్పుడు చదువుకు వినియోగించడం లేదు, వరండాలో బస్సు కోసం వినియోగిస్తున్నారు. ‘ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది’ అని మరికొందరు అనవచ్చు. ఏమీ జరగకపోవడానికి కూడా బాధ్యులు ఉంటారన్నది నా మనవి. చక్కగా పరుగెత్తగల ఒక విద్యార్థినిని ఇంటర్మీడియట్ రెండేళ్లు గమనించాను. బస్సు అందుకోవడానికి పుస్తకాలు చంకన పెట్టుకొని ఆమె పరుగెత్తే తీరు చూస్తే ముచ్చట వేసేది. ఆమె పరుగును మేమెవ్వరమూ గడియారం పట్టి కొలవలేదు. డిగ్రీలో చేరలేదు, పెండ్లి అయినదని విన్నాను. ఆమె ఎంత వేగంగా పరుగెత్తగలదో ఆమెకు కూడా తెలియకుండానే పోయింది. ఇందుకు ఆ తల్లిదండ్రులను తప్పు పట్టను. అడగవలసిన మేము అడగలేదు. ఆ తప్పులో నా భాగం నేను ఒప్పుకొంటున్నాను.

మగపిల్లలకు కూడా ఒక మాట. సానియా ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదులలో మూడు మగవారితో కలిసి గెలిచినవి. అవతలివారు పక్కన నిలిచినంత మాత్రాన ఎవరి ఆటా చిన్నది కాలేదు. సాయంకాలం ఒక గంట మీరు మైదానం విడిచి ఇవ్వండి. మీ చెల్లెలు ఆ గంటలో ఆడుతుంటే గోడ మీద కూర్చొని ఎగతాళి చేయకండి. ఎవరైనా చేస్తే వారించండి. ‘ఇంట గెలవడం’లో అన్నదమ్ముల పాత్ర తక్కువ కాదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమని ఇకమీదట మనం ఆడపిల్లలకు ఉపదేశించే ముందు, ఆ ఇల్లు ఎవరిదో ఒకసారి తలచుకొందాము. ఇల్లంటే తల్లిదండ్రులు మాత్రమే కాదు. రోజుకు ఏడు గంటలు వారిని తన నీడలో ఉంచుకొనే ఈ కళాశాల కూడా వారి ఇల్లే. ఈ ఇంటిలో వారిని గెలవనిద్దాము. వచ్చే యేడు మరల ‘నాకు నచ్చిన క్రీడాకారులు’ అనే అంశమే ఇస్తాను. కాగితాలు దిద్దుతూ తలయెత్తి చూసినప్పుడు, ఆ నాలుగు మెట్లు దిగి మైదానంలోకి నడిచే అమ్మాయిలు నాకు కనబడవలెనని కోరుకొంటున్నాను.